ఈఈజీలో అలలు స్లో అయ్యాయట, నాన్నకి మతిమరుపు జబ్బు వచ్చేసినట్టేనా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది ఖమ్మం, పెళ్ళయ్యాక నేను హైదరాబాద్‌లో ఉంటున్నా. నాన్నకి 72 ఏళ్ళు, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఏడాదిన్నర నుంచి మతిమరుపు బాగా ఎక్కువైంది, అడిగిందే అడుగుతారు, చిట్టీ డబ్బులు ఒకే నెలలో రెండుసార్లు కట్టొచ్చారు, మొన్న మా వెనక సందులోనే ఇల్లు ఎటో తెలీక నిలబడిపోయారు. ఒక్కోరోజు మాత్రం అసలేం జరగనట్టు మామూలుగా ఉంటారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్నారు, గ్యాస్‌కి పాంటాప్రజోల్, నిద్రకి ఆల్ప్రజోలం. చెవులు కూడా సరిగా వినపడవు. తెల్లవారుజామున మూడింటికి బస్సెక్కించి హైదరాబాద్ తెచ్చి న్యూరాలజిస్టుకి చూపిస్తే అదే రోజు ఎంఆర్‌ఐ, ఈఈజీ తీశారు. ఈఈజీలో "బ్యాక్‌గ్రౌండ్ 6-7 హెర్ట్జ్, డిఫ్యూజ్ స్లోయింగ్, ఎపిలెప్టిఫార్మ్ డిశ్చార్జెస్ లేవు" అని రాశారు. నెల తర్వాత రివ్యూకి రమ్మన్నారు. ఈలోపు మా బావగారు ఒక సెంటర్ గురించి చెప్పారు, బ్రెయిన్ మ్యాపింగ్ చేసి 20 సిట్టింగుల్లో అలల్ని మళ్ళీ స్పీడ్ చేస్తారట, 45 వేలు. కట్టేద్దామా? ఇంకో చిన్న విషయం, రాత్రిళ్ళు నిద్రలో కేకలేస్తారు, చేతులు విసురుతారు, అమ్మకి ఒకసారి మొహం మీద దెబ్బ తగిలింది కూడా, కానీ అది ఎప్పట్నుంచో ఉన్నదే అంటుంది అమ్మ. నాకూ ఇది వస్తుందేమో, నేనూ ఈఈజీ తీయించుకోవాలా?

సమాధానం: చెల్లీ, డబ్బులు కట్టకు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఇంకోటి, నువ్వు "చిన్న విషయం" అని ఆఖర్న రాశావే, నీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది అదే, దాని దగ్గరికి వస్తా. నేను డాక్టర్ని కాదు, న్యూరో డిపార్ట్‌మెంట్లో ఈఈజీ టెక్నీషియన్‌గా చాలా ఏళ్ళు చేశా, కాబట్టి ఆ కాగితం ఎలా తయారవుతుందో చెప్పగలను, వైద్యం మాత్రం మీ డాక్టర్‌గారే నిర్ణయించాలి.

మన మెదడులో కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు పుట్టే కరెంటు చాలా చిన్నది, తల మీదకి వచ్చేసరికి వోల్టులో లక్షల వంతుల్లో ఉంటుంది, దాన్నే ఈఈజీ మిషన్ పెద్దది చేసి గీతలుగా చూపిస్తుంది. మనిషి తల మీద నుంచి దీన్ని మొదట తీసింది జర్మనీలో యేనా ఊళ్ళో పనిచేసిన హాన్స్ బెర్గర్ అనే సైకియాట్రిస్ట్, 1924లో, అచ్చు వేయించింది 1929లో. ఆయన గమనించిన అసలు సంగతి ఇప్పటికీ మేం రోజూ చూసేదే, మనిషి మెలకువగా ఉండి కళ్ళు మూసుకుంటే తల వెనక భాగంలో సెకనుకి 8 నుంచి 13 సార్లు ఊగే ఒక చక్కటి అల వస్తుంది, కళ్ళు తెరవగానే పోతుంది. దాన్నే ఆల్ఫా అంటారు. 8 కన్నా తక్కువైతే తీటా, 4 కన్నా తక్కువైతే డెల్టా, ఇవి నిద్రలో మామూలే, మెలకువలో ఎక్కువ ఉంటేనే ఆలోచించాలి. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్నిసార్లు అని, అంతే.

ఇప్పుడు మీ నాన్నగారి రిపోర్టులో బ్యాక్‌గ్రౌండ్ అన్నది ఈ వెనక అలే, అది 6-7 అని రాశారు, డిఫ్యూజ్ స్లోయింగ్ అంటే మెదడంతా నెమ్మదిగా ఉందని. దీన్ని "వయసు కదా" అని కొట్టిపారెయ్యకూడదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో 70 దాటినా 80 దాటినా ఆ వెనక అల 8 పైనే ఉంటుంది, వయసుతో కొంచెం తగ్గుతుంది కానీ 8 కిందకి దిగిపోవడం మామూలు కాదు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో మొదట తీటా పెరుగుతుంది, తర్వాత ఆల్ఫా, దానికన్నా వేగంగా ఊగే బీటా తగ్గుతాయి, బాగా ముదిరాక డెల్టా వస్తుంది, ఇదంతా నిజమే. కానీ ఇదే స్లోయింగ్ ఒంట్లో సోడియం పడిపోయినా వస్తుంది, లివర్, కిడ్నీ సరిగా పనిచెయ్యకపోయినా, థైరాయిడ్ బాగా తక్కువైనా, బీ12 లేకపోయినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మందుల మత్తులో ఉన్నా వస్తుంది. బస్సు గంట లేటొచ్చిందని డిపోలో రాసుకుంటారు చూడు, టైరు పంక్చరయ్యిందో, దారిలో జాతర ఉందో, ఇంజనే పోయిందో ఆ రాతలో ఉండదు, ఈఈజీ కూడా అంతే. మీ నాన్నగారి మెదడు ఆ అరగంటలో నెమ్మదిగా నడిచిందని చెప్పింది, ఎందుకో చెప్పలేదు.

ఆ అరగంట ఏ అరగంట అన్నది కూడా చూడాలి కదా. మూడింటికి బస్సెక్కించారు, అంటే రాత్రి రెండున్నరకే లేచి ఉంటారు, లేకపోతే అసలు పడుకోనే లేదేమో, ముందు రాత్రి ఆల్ప్రజోలం వేసుకున్నారో లేదో తెలీదు, వచ్చి ఓపీలో లైన్లో కూర్చుని, ఎంఆర్‌ఐ చప్పుడులో అరగంట పడుకుని, ఆ తర్వాత తలకి పేస్టు పెట్టి 20 వైర్లు అతికించి లైట్లాపి "కళ్ళు మూసుకోండి" అంటే ఎవరికైనా కునుకు పట్టేస్తుంది. కునుకు పట్టగానే ఆల్ఫా చెదిరిపోయి తీటా వస్తుంది, అది జబ్బు కాదు, నిద్ర. అందుకే మేం నిమిషానికోసారి "పెద్దాయనా నిద్రపోకండి, మీ ఊరేంటి, మనవళ్ళెంతమంది" అని పలకరిస్తూనే ఉంటాం, పలకరించగానే అలలు మళ్ళీ స్పీడందుకుంటే అది నిద్రమత్తు అని పక్కన రాస్తాం. చెవులు సరిగా వినపడనాయనకి ఆ పిలుపులు కూడా వినపడి ఉండకపోవచ్చు. రివ్యూకి వెళ్ళినప్పుడు డాక్టర్‌గారిని ఈ ఒక్కటి అడుగు, రికార్డింగ్‌లో నాన్న పూర్తిగా మెలకువగా ఉన్నప్పటి భాగంలో కూడా 6-7 ఉందా, లేక డ్రౌజీగా ఉన్నప్పుడేనా అని. రికార్డింగ్ కంప్యూటర్లో ఉంటుంది, తెరిచి చూసి చెప్పగలరు. మళ్ళీ తియ్యాల్సొస్తే ముందురోజే వచ్చి మీ ఇంట్లో రాత్రంతా పడుకోబెట్టి, తలకి షాంపూతో స్నానం చేయించి, నూనె చుక్క కూడా పెట్టకుండా (కొబ్బరినూనె ఉంటే ఎలక్ట్రోడ్లు సరిగా పట్టవు, గీతల్లో చెత్త వస్తుంది), టిఫిన్ పెట్టి తీసుకెళ్ళు.

ఇక ఆ చిన్న విషయం. కలలొచ్చే నిద్రలో మామూలుగా మన ఒళ్ళు కదలకుండా మెదడే తాళం వేసి ఉంచుతుంది, కళ్ళూ ఊపిరీ తప్ప. ఆ తాళం పాడైతే కలలో ఎవరితోనో కొట్లాడుతుంటే నిజంగానే చెయ్యి విసిరేస్తారు, తిడతారు, మంచం మీంచి పడతారు. దీన్ని ఆర్‌ఈఎం స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. ఇది చాలామందిలో ఏళ్ళ ముందే కనిపించి తర్వాత పార్కిన్సన్స్‌గానో (వణుకు, బిగుసుకుపోవడం వచ్చే జబ్బు), లూయీ బాడీ డిమెన్షియాగానో (డిమెన్షియా అంటే మతిమరుపు జబ్బు, ఇది మెదడు కణాల్లో ఒకరకం ప్రొటీన్ ముద్దలు పేరుకుని వచ్చే రకం) బయటపడుతుంది. నువ్వు రాసినవి పక్కపక్కన పెట్టి చూడు, ఒక్కోరోజు బాగుండి ఒక్కోరోజు అయోమయం, తెలిసిన సందులో దారి తెలీకపోవడం, నిద్రలో కేకలు, ఈఈజీలో ఆల్ఫాకి కొంచెం కిందుండే అల. లూయీ బాడీ జబ్బుని గుర్తించడానికి 2017లో డాక్టర్లు పెట్టుకున్న ప్రమాణాల్లో ఈ నాలుగోది, అంటే తల వెనక భాగంలో ఆల్ఫా కిందకి దిగి ఎక్కువా తక్కువా అవుతుండే స్లో అల, నిర్ధారణకి సాయపడే గుర్తుగా ఉంది, నిద్రలో కేకలైతే ముఖ్య లక్షణాల్లోనే ఉంది. మీ నాన్నకి అదే ఉందని నేననడం లేదు, గురక పెట్టి ఊపిరాగే స్లీప్ అప్నియాలో కూడా ఇలా ఉలిక్కిపడి చేతులాడిస్తారు, కొన్ని డిప్రెషన్ మందులతోనూ వస్తుంది. కానీ మీ డాక్టర్‌గారికి ఈ సంగతి చెప్పారా? చెప్పలేదనే నా అనుమానం, ఎందుకంటే మతిమరుపు కోసం వెళ్ళినప్పుడు నిద్రలో కేకల గురించి ఎవరూ చెప్పరు, అమ్మకి అది మొగుడి అలవాటుగా కనిపిస్తుందే గాని జబ్బు లక్షణంలా కనిపించదు. అమ్మ దగ్గర కూర్చుని మెల్లగా అడుగు, ఎన్నేళ్ళ నుంచి ఉంది, గురక పెడతారా, మధ్యలో ఊపిరాగినట్టు ఉంటుందా, పగలు ఇంట్లో లేని మనుషులో పిల్లలో జంతువులో కనిపిస్తున్నాయని ఎప్పుడైనా అన్నారా, నడక నెమ్మదించిందా, చెయ్యి వణుకుతోందా. వీలైతే ఒక రాత్రి ఫోన్‌లో వీడియో తియ్యండి, ఆ రెండు నిమిషాల వీడియో పది నిమిషాల వర్ణన కన్నా డాక్టర్‌కి ఎక్కువ ఉపయోగం.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే లూయీ బాడీ ఉన్నవాళ్ళలో చాలామందికి హాలోపెరిడాల్ లాంటి, అల్లరి తగ్గించడానికి ఇచ్చే మందులు పడవు, ఒళ్ళంతా బిగుసుకుపోయి ప్రాణం మీదకి రావచ్చు. ఎప్పుడైనా జ్వరమొచ్చో, ఆపరేషన్ అయ్యో హాస్పిటల్లో అల్లరి చేస్తే డ్యూటీలో ఉన్నవాళ్ళు ఆ ఇంజెక్షన్ ఇచ్చేసే అవకాశం ఉంది, కాబట్టి అనుమానం ఉందని తెలిస్తే ఫైల్ మీద ముందే రాయించి పెట్టుకోవాలి. నిద్రలో ఏముందో తేల్చడానికి రాత్రంతా వీడియోతో పాటు తీసే స్లీప్ స్టడీ ఉంటుంది, అందులో కూడా ఈఈజీ వైర్లే పెడతారు, నన్నడిగితే మీ నాన్న విషయంలో డబ్బు పెట్టాల్సిన చోటు ఏదైనా ఉందంటే అది, ఆ సెంటర్ కాదు. అప్పటిదాకా అమ్మని పక్కనే వేరే మంచం మీద పడుకోమను, నాన్న మంచం పక్కన గాజు గ్లాసు, స్టూలు, పదునైన అంచులున్నవేవీ లేకుండా చూడు, కింద ఒక పరుపు వెయ్యి.

మందుల సంగతి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడితే బీ12 తగ్గుతుంది, పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడినా తగ్గుతుంది, మీ నాన్నకి రెండూ ఉన్నాయి, బీ12 తగ్గితే మతిమరుపు, తిమ్మిర్లు, తూలుడు వస్తాయి, ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది, ఇంజెక్షన్లతో పెరుగుతుంది. ఎంఆర్‌ఐ, ఈఈజీ రెండూ తీసి బీ12, థైరాయిడ్ తియ్యకపోతే మాత్రం నాకు బాధేస్తుంది, రిపోర్టుల్లో వెతుకు, ఉన్నాయేమో, వాటితోపాటు సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు), లివర్ టెస్టు కూడా. ఆల్ప్రజోలం పెద్దవాళ్ళలో జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది, రాత్రి బాత్‌రూంకి లేస్తే తూలి పడేస్తుంది. అలాగని ఈ రోజే ఆపెయ్యకు, దయచేసి, ఏళ్ళుగా వాడుతున్న ఆల్ప్రజోలం ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చెప్పినట్టు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు బిళ్ళలు కూడా ఒకసారి చూడు, వాటిలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, మనకి మత్తొస్తుంది, ముసలివాళ్ళకి అయోమయం వస్తుంది. ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ, ఆయుర్వేదంతో సహా, ఒక కవర్లో వేసి రివ్యూకి పట్టుకెళ్ళిపో.

చెవుల సంగతి చిన్నచూపు చూడకు. సగం వినపడనివాడు సగమే గుర్తుపెట్టుకుంటాడు, అడిగిందే అడగడంలో కొంత వాటా చెవులది కూడా అయ్యుండొచ్చు. ఈఎన్‌టీకి చూపించి ముందు చెవిలో గులిమి తీయించి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించు, మిషన్ అవసరమైతే పెట్టించు. మతిమరుపు టెస్టు కూడా చెవులు సరిచేశాక, తెలుగులో, ఆయన చదువుకి తగ్గట్టు చేయించమని అడగాలి, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు తెలుగుతో సహా మన భాషల్లో ఇలాంటి టెస్టుల సెట్ తయారు చేయించారు. ఇంకోటి, కండక్టర్ చేసినాయన కాబట్టి చిల్లర లెక్కలు నోటిమీదే చెప్పేస్తారు, వందలోంచి ఏడేసి చొప్పున తీసేసుకుంటూ పోయే ప్రశ్న టకటకా చెప్పేసి స్కోరు బాగా రావచ్చు, దాన్ని చూసి బాగున్నారనుకోకూడదు, గడియారం బొమ్మ గియ్యమంటే ఎలా గీస్తారో, ఇంటి దారి ఎలా చెప్తారో అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు బావగారి సెంటర్. బ్రెయిన్ మ్యాపింగ్ అంటే అదే ఈఈజీని కంప్యూటర్ లెక్కలు కట్టి ఎరుపు నీలం రంగుల తల బొమ్మగా చూపించడం. పరిశోధనల్లో దానికి చాలా ఉపయోగం ఉంది, నేను కాదనను. కానీ కునుకు పట్టిన అలని కూడా అది జబ్బు రంగులోనే చూపిస్తుంది, కంటి రెప్ప కొట్టుకున్నా ముందు భాగంలో డెల్టా అని చూపిస్తుంది, గీతలు చూడగలిగినవాళ్ళు పక్కన కూర్చుని తీసెయ్యకపోతే. ఇక సిట్టింగుల్లో స్క్రీన్ మీద ఆట ఆడించి అలల్ని మార్చడం, అది డిమెన్షియాని ఆపుతుందని గానీ వెనక్కి తిప్పుతుందని గానీ గట్టి ఆధారం ఇంతవరకు లేదు. అలలు స్లో అవ్వడం లోపల జరిగినదాని ఫలితం, కారణం కాదు, ఫలితాన్ని గదమాయిస్తే కారణం పోదు కదా. మీ బావగారు మంచికే చెప్పారు, ఆయన మీద కోప్పడకు, కానీ కట్టేముందు ఆ సెంటర్‌ని ఒక్కటి అడగమను, మా నాన్న బీ12 చూశారా, వేసుకునే మందులేంటో అడిగారా అని.

ఆన్‌లైన్లో 40 హెర్ట్జ్ లైట్లు కూడా అమ్ముతున్నారు, రేపు ఎవరో ఒకరు దాని గురించి కూడా చెప్తారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా. 2016లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు సెకనుకి 40 సార్లు మినుకుమినుకుమనే లైటు చూపిస్తే ఎలుకల మెదడులో అమిలాయిడ్ (అల్జీమర్స్‌లో పేరుకునే ప్రొటీన్) తగ్గిందని చెప్పారు, 2023లో ఇంకో ల్యాబ్ వాళ్ళు చేస్తే ఆ ఫలితం రాలేదు, మనుషుల మీద ట్రయల్స్ జరిగాయి, జరుగుతున్నాయి, ఇంకా చికిత్స స్థాయికి రాలేదు. మన బెంగళూరులో ఐఐఎస్‌సీ అనే సైన్స్ పరిశోధన సంస్థలో కూడా దీనికి దగ్గరి పనే చేశారు, స్క్రీన్ మీద చారలు చూపించి పెద్దవాళ్ళ మెదడులో వచ్చే గామా అనే చాలా వేగమైన అలల్ని కొలిస్తే, మతిమరుపు మొదలైనవాళ్ళలో అదే వయసు ఆరోగ్యవంతుల కన్నా ఆ అలలు బలహీనంగా ఉన్నాయని 2021లో ప్రచురించారు. నాకైతే ఆ పని మీద చాలా ఆశ ఉంది, ముందుగా పసిగట్టడానికి చవకైన దారి దొరకొచ్చు, ఈఈజీ మిషన్ జిల్లా ఊళ్ళల్లో కూడా ఉంటుంది కదా, పెట్ స్కాన్ ఉండదు. కానీ అది గుంపుల మధ్య తేడా, ఒక మనిషిని కూర్చోబెట్టి నీకుంది నీకు లేదు అని చెప్పే టెస్టు ఇంకా కాదు. ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్ళకి మినుకు లైట్లు ప్రమాదం కూడా.

ఒకవేళ అన్నీ చూశాక జబ్బే అని తేలితే? మందులున్నాయి, డొనెపెజిల్, రివాస్టిగ్‌మిన్ లాంటివి, జబ్బుని ఆపవు కానీ కొంతకాలం మనిషిని నిలబెడతాయి, లూయీ బాడీలో కొంతమందికి బాగానే పనిచేస్తాయి. వాటికన్నా ముందు ఇంట్లో ఒకటి మారాలి. అమ్మ భయపడి ఆయన్ని బయటికి పంపడం మానేసిందేమో చూడు, పంపాలి, తోడుగా ఎవరన్నా ఉండి, జేబులో ఫోన్ నంబరు రాసిన కార్డు పెట్టి. బస్టాండు దగ్గర పాత డ్యూటీ స్నేహితులతో టీ తాగి రావడం ఆయనకి ఏ సిట్టింగు కన్నా మేలు. మన హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూసి 2013లో ఒక స్టడీ ప్రచురించారు, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఒక్క భాష వాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైంది, చదువురాని వాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. మీ నాన్న జీవితమంతా బస్సులో తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడి ఉంటారు, అది ఆయన దాచుకున్న ఆస్తే, ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టి కరగనివ్వకండి. చిట్టీ డబ్బుల లెక్క మాత్రం నువ్వు తీసుకో, ఆయన ముందే ఒక నోటుబుక్కులో రాస్తూ, తప్పు పట్టినట్టు కాకుండా. అడిగిందే అడిగితే "ఇప్పుడేగా చెప్పాను" అనొద్దని అమ్మకి చెప్పు, ఆయనకి ఆ ఇప్పుడే అన్నది లేదు, ఆ మాటకి సిగ్గుపడి మాట్లాడడమే తగ్గించేస్తారు.

నీ సంగతి. నీకు ఈఈజీ అక్కర్లేదు, ఏ లక్షణమూ లేని మనిషికి తీస్తే భవిష్యత్తు చెప్పదు, ఏదో ఒక అటూఇటూ గీత కనిపించి లేనిపోని భయం పెడుతుంది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో వందకి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని పెద్ద సర్వే చేసి చెప్పారు, అందులో 70ల్లో మొదలయ్యేవాటిల్లో ఎక్కువ భాగం నేరుగా తండ్రి నుంచి కూతురికి దిగే రకం కాదు. ఇంట్లో ఒకరికి ఉంటే నీకు కొంచెం ఎక్కువ అవకాశం అంతే. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ వాళ్ళు మన చేతిలో ఉన్న 14 కారణాలు చెప్పి, వాటిని చూసుకుంటే దాదాపు సగం కేసుల్ని ఆపడమో ఆలస్యం చెయ్యడమో అవుతుందన్నారు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, వినికిడి, చూపు, పొగ, తాగుడు, డిప్రెషన్, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం, తలకి దెబ్బలు, ఇలాంటివే అన్నీ. ఇవి నీ వయసు నుంచే మొదలు, కాబట్టి ఈఈజీకి పెట్టే డబ్బుతో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకో, స్కూటీ మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ పెట్టుకో.

నెలదాకా ఆగకుండా వెంటనే వెళ్ళాల్సింది ఎప్పుడంటే, రెండు మూడు రోజుల్లోనే ఒక్కసారిగా అయోమయం పెరిగినా, కింద పడి తలకి దెబ్బ తగిలాక మగత వచ్చినా, జ్వరంతో తేడాగా మాట్లాడినా, మాట్లాడుతూ మాట్లాడుతూ శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి పెదాలు చప్పరించడం లాంటివి చేసినా. ఆ ఆఖరుది పెద్దవాళ్ళలో పైకి కనపడని ఫిట్స్ కావచ్చు, మీ రిపోర్టులో ఎపిలెప్టిఫార్మ్ డిశ్చార్జెస్, అంటే ఫిట్స్‌ని సూచించే గీతలు, లేవన్నారు కానీ అరగంట ఈఈజీలో కనపడనంత మాత్రాన లేవని కాదు. లేదంటే రివ్యూ తేదీకే వెళ్ళండి, బీ12, థైరాయిడ్, సోడియం మాత్రం ఈ వారమే ఖమ్మంలోనే ఇప్పించెయ్, దానికోసం ఆయన్ని మళ్ళీ మూడింటి బస్సు ఎక్కించకు.